సెస్సు ఏ భాష మాట? ఇంటి పన్ను కాగితం మీద మా నాన్నగారి ప్రశ్న

నీలిసిరా, ఏలూరు | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఇంటి పన్ను డిమాండ్ నోటీసు వచ్చింది. నాన్నగారికి 78 ఏళ్లు, తెలుగు పండితులుగా రిటైరయ్యారు. ఏ కాగితమైనా భూతద్దం పెట్టి పైనుంచి కిందిదాకా చదివితే గానీ కట్టనివ్వరు. ఆర్నెల్లకు పన్ను 1,850. దాని కింద గడిలో గ్రంథాలయ సెస్సు 148. అక్కడ ఆగిపోయారు.

"పన్ను తెలుసు, సుంకం తెలుసు, శిస్తు తెలుసు. ఈ సెస్సు ఏ భాషమ్మా?" అన్నారు. ఇంగ్లీషు అన్నాను. "అది నాకూ తెలుసు. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థమేంటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా ఆయన సెన్సస్ నుంచి వచ్చుంటుందన్నారు. నాన్నగారికేమో మన శిస్తే తెల్లవాళ్ల నోట్లో పడి సెస్సయిందని అనుమానం. పొద్దున్నుంచీ మామా అల్లుళ్లకు అదే వాదన. తెలిసినవాళ్లు చెప్పండి, రాసుకుని ఆయనకు చదివి వినిపిస్తాను.

సీఏ ఇంటర్ | శనివారం రాత్రి 9:32

అక్కా, లెక్క వరకు నేను చెప్తాను. ఫలానా పని కోసం అని పేరు పెట్టి వసూలు చేసేది సెస్సు. ఆదాయపు పన్ను మీద 2004లో 2 శాతం విద్యా సెస్సు పెట్టారు. 2007లో ఉన్నత విద్య పేరుతో ఇంకో 1 శాతం కలిపారు. 2018 నుంచి ఆ రెండిటి బదులు ఆరోగ్య, విద్యా సెస్సు 4 శాతం. అంటే లక్ష రూపాయల పన్ను పడితే దాని మీద ఇంకో నాలుగు వేలు.

మాట పుట్టుక మాత్రం నేనూ సెన్సస్ అనే అనుకుంటున్నా. రోమన్లు మనుషుల్ని, ఆస్తుల్ని లెక్కపెట్టింది పన్ను కోసమే కదా. పైగా ఇంగ్లీషులో రెండు మాటలూ సీ అక్షరంతోనే మొదలవుతాయి.

చుక్కలముగ్గు, న్యూజెర్సీ | శనివారం రాత్రి 10:05

మా అమ్మాయి హైస్కూల్లో లాటిన్ తీసుకుంది. దాని చేత చదివిద్దామని పుస్తకం తెరిచి, అది కాలేజీకి వెళ్లిపోయాక కూడా నేను మూయలేదు. అందుకే ఈ ప్రశ్న చూడగానే ప్రాణం లేచొచ్చింది.

సెన్సస్ కాదు తమ్ముడూ. సెస్సు అనేది అసెస్ అన్న మాటకు తల తెగిన రూపం. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో మొదట ఎస్‌తోనే రాసేవాళ్లు. తర్వాత రాసినవాళ్లు దీనికీ సెన్సస్‌కూ చుట్టరికం ఉందనుకుని సీ పెట్టారు. నీలిసిరా గారూ, మీ ఆయన పడ్డ పొరపాటు ఇంగ్లీషు వాళ్లే నాలుగైదు వందల ఏళ్ల కిందట పడ్డారు. ఆ పొరపాటే స్పెల్లింగుగా స్థిరపడిపోయింది.

ఇక అసెస్. లాటిన్‌లో సెడేరే అంటే కూర్చోవడం. దాని ముందు అడ్ చేరితే, అంటే 'దగ్గర, వైపు', ఆ డ్ పక్కనున్న స్‌లో కలిసిపోయి అస్సిడేరే అవుతుంది. అర్థం పక్కన కూర్చోవడం. అంతే. అందులో డబ్బూ లేదు, శాతమూ లేదు.

ఎవరి పక్కన? న్యాయాధికారి పక్కన. రోములో రాష్ట్రాలు ఏలడానికి వెళ్లే గవర్నర్లు చాలామంది సైన్యంలోంచో పెద్ద కుటుంబాల్లోంచో వచ్చినవాళ్లు. వాళ్లకు చట్టం లోతు తెలియదు. అందుకని చట్టం చదువుకున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. అతని పేరు అస్సెస్సోర్. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన న్యాయసంకలనం డైజెస్ట్‌లో ఈ పక్కన కూర్చునేవాళ్ల విధుల మీద విడిగా ఒక ప్రకరణమే ఉంది. విచారణలు, అర్జీలు, ఉత్తర్వులు, ఉత్తరాలు అన్నీ అతను చూసుకోవాలి. అదే కాలంలో బెలిసారియస్ అనే సేనాపతి దగ్గర ఈ ఉద్యోగం చేసినవాడే చరిత్రకారుడు ప్రోకోపియస్. గ్రీకులో ఆ ఉద్యోగం పేరు పారెద్రోస్. దాని అర్థం కూడా పక్కన కూర్చునేవాడనే!

మధ్యయుగాలకు వచ్చేసరికి, పక్కన కూర్చున్నవాడు జరిమానా ఎంతో, ఎవరి వంతు పన్ను ఎంతో తేల్చే మనిషి అయ్యాడు. లాటిన్‌లోనే అస్సెస్సారే అని కొత్త క్రియ పుట్టింది. దాని అర్థం పన్ను నిర్ణయించడం. అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దం మొదట్లో ఇంగ్లీషులోకి దిగింది.

దస్త్రం | శనివారం రాత్రి 10:40

పన్నుల శాఖలో ముప్పై మూడేళ్లు చేశాను. అసెస్‌మెంట్ అన్న మాట రోజుకు వందసార్లు రాసిన చేయి ఇది. కూర్చోవడం అని ఇవాళ తెలిసింది. ధన్యవాదాలమ్మా.

పండితులుగారి శిస్తు సంగతి. మచిలీపట్నం రేవుకు ఇంగ్లీషు కంపెనీ ఓడ మొదటిసారి వచ్చింది 1611లో. సెస్సు అంతకు ముందే ఇంగ్లీషు కాగితాల్లో ఉంది కాబట్టి మన దగ్గర నేర్చుకుని ఉండే వీలు లేదు. ఐర్లండులో 16వ శతాబ్దంలో ఇంగ్లీషు సైన్యానికి గొడ్లు, ధాన్యం సర్కారు కట్టిన ధరకే ఇవ్వాలని జనాన్ని బలవంతపెట్టేవారు. దాని పేరే సెస్సు. బజారు ధర కన్నా తక్కువ కట్టేవాళ్లు కాబట్టి పెద్ద గొడవలే అయ్యాయి.

మన దగ్గరున్న పన్ను మాటలు ఒక్కోటి ఒక్కో దారిన వచ్చాయి. సుంకం సంస్కృతంలోని శుల్కం ప్రాకృతం మీదుగా మారిన రూపం. కిస్తు, రుసుము అరబ్బీవి. వాటి పక్కన సెస్సు చివరగా వచ్చి చేరింది.

సీఏ ఇంటర్ బాబూ, నువ్వు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మామూలు కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది. సెస్సులో లేదు. రాజ్యాంగం 270వ అధికరణం దాన్ని పంపకం నుంచి పక్కన పెట్టింది. పరీక్షలో అడుగుతారు.

అమరం | ఆదివారం ఉదయం 6:15

చుక్కలముగ్గు అమ్మా, సెడేరే అనగానే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సంస్కృతంలో సద్ ధాతువు ఉంది, కూర్చోవడమే. దానిలోంచి వచ్చింది సదస్సు. చుట్టూ కూర్చునేది పరిషత్తు. సభలో కూర్చునేవాడు సభాసదుడు. ఉప అంటే దగ్గర, ని అంటే కిందికి. గురువుకు దగ్గరగా కింద కూర్చుని నేర్చుకునేది ఉపనిషత్తు.

అడ్ బదులు ఉప పెట్టి చూడండి. పక్కన కూర్చోవడం అనే ఒకే పోలిక రోములో పన్ను లెక్కకు దారి తీసింది, మన దగ్గర బ్రహ్మవిద్యకు పేరైంది. ముప్పై ఏళ్లు ఉపనిషత్తు వ్యుత్పత్తి పాఠం చెప్పాను. ఇంటి పన్ను కాగితంలో దాని దాయాది ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు.

గోదారిలంక | ఆదివారం ఉదయం 7:02

అంటే లాటిన్ సంస్కృతం నుంచి పుట్టిందన్నమాట. నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను.

అమరం | ఆదివారం ఉదయం 7:30

లేదు నాయనా. సంస్కృతం మీద నాకు ప్రేమ తక్కువని కాదు, పిల్లలకు ఇలా చెప్పకూడదని అంటున్నాను. సద్, లాటిన్ సెడ్, ఇంగ్లీషు సిట్ మూడూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి భాషలో ఎ, ఒ, అ వేరువేరు. సంస్కృతంలో ఆ మూడూ కలిసి అ అయిపోయాయి. లాటిన్ ఆ తేడాను నిలుపుకుంది. తల్లి ఒడిలో లేని తేడా కూతురికి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే సంస్కృతం లాటిన్‌కు తల్లి కాదు, అక్క.

గోదారిలంక | ఆదివారం ఉదయం 7:41

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు మాస్టారూ. ఒప్పుకుంటున్నాను.

నల్లకోటు, వరంగల్ | ఆదివారం ఉదయం 9:20

కోర్టు వైపు నుంచి ఒక మాట. సెషన్స్ కోర్టు అంటున్నాం కదా, ఆ సెషన్ కూడా ఈ సెడేరే బిడ్డే. కోర్టు కూర్చునే కాలం అని. ఇక అస్సెస్సోర్ మన దేశానికి కూడా వచ్చాడు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెషన్స్ జడ్జి పక్కన అసెసర్లు కూర్చునేవారు. స్థానికులు. విచారణ అయ్యాక ఒక్కొక్కరూ అభిప్రాయం చెప్పాలి, జడ్జి దానికి కట్టుబడనక్కర్లేదు. 1955 సవరణతో ఆ పద్ధతి పోయింది. రోములో చట్టం తెలియని గవర్నర్ పక్కన చట్టం తెలిసినవాడు కూర్చుంటే, ఇక్కడ ఊరు తెలియని జడ్జి పక్కన ఊరు తెలిసినవాడు కూర్చున్నాడు. పాత ఫైళ్లలో వాళ్ల అభిప్రాయాలు ఒకటి రెండు వాక్యాల్లో ఉంటాయి. చదువుతుంటే ఆ మనిషి గొంతు వినిపించినట్టుంటుంది.

మబ్బులఊరు, మాంచెస్టర్ | ఆదివారం మధ్యాహ్నం 1:45

ఇక్కడ పాత కోర్టులను అసైజ్ అనేవారు. అదీ కూర్చోవడమే. 13వ శతాబ్దంలో రొట్టె, బీరు మీద అసైజ్ అని ఒక శాసనం ఉండేది. ఫార్దింగ్ అనే చిన్న నాణేనికి అమ్మే రొట్టె ధర ఎప్పుడూ ఫార్దింగే. గోధుమల ధర పెరిగితే రొట్టె బరువు ఎంత తగ్గాలో శాసనంలో పట్టిక ఉంటుంది. అంతకన్నా తక్కువ తూచిన వాడికి శిక్ష. మన అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర అలాగే ఉండి బిస్కెట్లు తగ్గుతాయే, అదే లెక్క. కాకపోతే అక్కడ ఎంత తగ్గాలో సర్కారు చెప్పేది.

అసైజ్ నిర్ణయించిన కొలత కాబట్టి, తల తెగి అది సైజు అయింది. చొక్కా సైజు, చెప్పు సైజు అన్నీ అక్కడి నుంచే.

సీఏ ఇంటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:10

సెస్సు, సైజు రెండూ తల తెగిన అన్నదమ్ములన్నమాట! మరి ట్యాక్స్ సంగతేంటి? అదీ కూర్చుంటుందా?

చుక్కలముగ్గు, న్యూజెర్సీ | ఆదివారం సాయంత్రం 6:50

ట్యాక్స్ కూర్చోదు, తాకుతుంది. టాంగెరే అంటే తాకడం. మళ్లీమళ్లీ తాకి, చేత్తో తడిమి విలువ కట్టడం టాక్సారే. సంతలో ఎద్దును కొనేవాడు మూపురం మీద చెయ్యి వేసి, పళ్లు చూసి ధర చెప్పడం ఊహించుకో. టాస్క్ అన్నది అదే మాట అటూ ఇటూ అయిన రూపం. ట్యాక్సీ కూడా ఛార్జీ లెక్కకట్టే మీటరు వల్ల వచ్చిన పేరే.

పెన్నఒడ్డు, కడప | ఆదివారం రాత్రి 8:30

రెండు రోజులుగా చదువుతున్నా. మా సీమను ఈ సెడేరే కుటుంబంలోని ఇంకో మాట అమ్మేసింది. అది రాయకుండా ఉండలేకున్నా.

సబ్సిడీ. లాటిన్‌లో సుబ్సిడియుం. సుబ్ అంటే కింద, వెనక. యుద్ధంలో ముందు వరసలు పోరాడుతుంటే, అవసరం పడేదాకా వెనక ఆగి కూర్చునే దళం అది. ఆపదలో ఆదుకునేది కాబట్టి సాయం అనే అర్థం వచ్చింది. ఇంగ్లండులో ఆ సాయం ఎవరికనుకున్నారు? రాజుకు. పార్లమెంటు రాజుకు మంజూరు చేసే పన్నునే సబ్సిడీ అనేవారు. అంటే అప్పుడు జనం కట్టింది సబ్సిడీ. ఇప్పుడు గ్యాస్ బండ మీద జనానికి వచ్చేది సబ్సిడీ.

ఈ రెండు అర్థాలకూ మధ్యలో ఇంకోటి ఉండేది. ఒక రాజ్యం ఇంకో రాజ్యానికి సైన్యం ఖర్చు కింద ఇచ్చే డబ్బు. నిజాం 1798లో కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దళాలు హైదరాబాదులో ఉంటాయి, వాటి ఖర్చు నిజాం కట్టాలి. 1800 అక్టోబరులో కొత్త ఒప్పందం. డబ్బు కట్టే బదులు, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన నేలను కంపెనీకి ఇచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు వైపు కొంత భాగం. అందుకే మాకు దత్తమండలం అని పేరు పడింది. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభల్లో గానీ రాలేదు. నూట ఇరవై ఏళ్లకు పైగా మా పేరు 'ఇచ్చేసిన జిల్లాలు'. బాకీ కింద చెల్లిన నేల మాది.

సబ్సిడీ కింద మేము వెళ్లగానే అసెస్‌మెంట్ వచ్చింది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరు. గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు. పొలాలు కొలిపించి, నేల రకం చూసి, రైతు పేరు మీదే శిస్తు కట్టించాడు. వెళ్లేటప్పుడు ఆ శిస్తు ఎక్కువైంది, నాలుగో వంతు తగ్గించండని పైవాళ్లకు రాశాడు. మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని పెద్దోళ్లు చెప్తారు. రైతు పక్కన వచ్చి కూర్చున్నాడనే కావొచ్చు.

దస్త్రం | ఆదివారం రాత్రి 9:55

పెన్నఒడ్డు గారూ, మీరు రాసింది నిజం. కానీ అక్కడే ఆగితే నా మనసు ఒప్పుకోదు. మన్రో పోయాక అదే మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలు కోసం రైతులను హింసిస్తున్నారని ఫిర్యాదులు వచ్చి, విచారణ కమిషన్ వేశారు. 1855లో నివేదిక ఇచ్చింది. హింస జరుగుతోందని తేల్చింది. మనిషిని నడుం వంచి, తల కిందికి లాగి, తాడుతో మెడకూ కాలి వేళ్లకూ కలిపి కట్టి ఎండలో గంటల తరబడి ఉంచేవారు. వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కేవారు. చేయించింది కచేరీలో కింది నౌకర్లు, మనవాళ్లే. కంపెనీ దొరలు కాగితం మీద అంకె వేశారు, ఆ అంకె ఊళ్లోకి వచ్చేసరికి తాడయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయన ఆ నివేదిక సంగతి చెప్పి, వచ్చిన మనిషికి కుర్చీ వేయకుండా ఫైలు తెరవొద్దన్నారు. ఎందుకన్నారో అప్పుడు సరిగా పట్టలేదు. చివరి రోజు దాకా పాటించాను. ఈ మాట పుట్టుక ఆయనకు తెలుసో లేదో.

ఇంకో సంగతి. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట తీసేశారు. 2026 ఏప్రిల్ నుంచి ట్యాక్స్ ఇయరే. పక్కన కూర్చునే సంవత్సరం పోయి తాకే సంవత్సరం వచ్చిందన్నమాట. ముప్పై మూడేళ్లు రాసిన మాట, కొంచెం వెలితిగానే ఉంది.

నీలిసిరా, ఏలూరు | సోమవారం రాత్రి 8:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. పన్నెండు పేజీలు రాసుకుని ఇవాళ మధ్యాహ్నం నాన్నగారికి చదివాను. ఉపనిషత్తు దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు. దస్త్రం గారు రాసిన తాడు దగ్గర భూతద్దం పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత తాతగారి అరుగు గురించి చెప్పారు. నాన్నగారి చిన్నప్పుడు ఊళ్లో పంచాయతీ బిల్లు కలెక్టరు సంవత్సరానికోసారి సైకిలు మీద వచ్చేవాడట. సైకిలు వేపచెట్టుకు ఆనించి, అరుగు మీద తాతగారి పక్కనే కూర్చుని, మజ్జిగ తాగి, ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసేవాడట. "ఈ ఏడు పెరడు వైపు పాక పడిపోయిందయ్యా" అని తాతగారంటే, లేచి వెళ్లి పెరడు చూసొచ్చి, మళ్లీ అక్కడే కూర్చుని అంకె కొట్టేసి తగ్గించి రాశాడట. "అతని చెవిలో పెన్సిలు ఉండేది. కాపీయింగ్ పెన్సిలు, తడి తగిలితే ఊదారంగు. నాలుక మీద అద్దుకుని రాసేవాడు" అన్నారు. డెబ్బై ఏళ్ల కిందటి మాట.

ఆయనది ఇంకో ప్రశ్న ఉంది. ఈ గ్రంథాలయ సెస్సు ఎప్పటి నుంచి కడుతున్నాం?

దస్త్రం | సోమవారం రాత్రి 9:05

1948లో మద్రాసు గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఏలూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి పునాది అక్కడిది. తర్వాత 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం, ఇప్పటికీ దాని ప్రకారమే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. 1,850కి 148 సరిగ్గా సరిపోయింది, పండితులుగారికి చెప్పండమ్మా. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి.

నీలిసిరా, ఏలూరు | సోమవారం రాత్రి 9:20

చెప్పాను. రేపు పొద్దున పన్ను కట్టాక గ్రంథాలయానికి తీసుకెళ్లమంటున్నారు. మోకాళ్ల నొప్పితో రెండేళ్లుగా అటు వెళ్లలేదు. పేపరు గదిలో కిటికీ పక్క బల్ల ఇంకా ఉందో లేదో చూడాలట.